సిద్దీలు: తెలుగు నేలపై ఆఫ్రికా సంతతి

తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి భారత ఉపఖండంలో స్థిరపడినవారి సంతతిని సిద్దీలు అంటారు. గుజరాత్, కర్ణాటక, మహారాష్ట్ర, గోవా, తెలంగాణల్లోనూ, పాకిస్తాన్‌లోని సింధ్, బలూచిస్తాన్ ప్రాంతాల్లోనూ వీరు కనిపిస్తారు. తెలుగు నేలపై వీరి చరిత్ర రెండు దశల్లో సాగింది. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున బనగానపల్లె, కర్నూలు, ఆదోని కోటలను సిద్దీ సేనానులు ఏలారు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఆఫ్రికా సైనికులతో ప్రత్యేక దళాలు నడిపాయి. హైదరాబాద్‌లో నేడు నివసిస్తున్న సిద్దీలలో ఎక్కువమంది ఈ రెండో దశకు చెందిన సైనికుల వారసులు. ఏసీ గార్డ్స్ అనే పేట పేరు, మర్ఫా వాద్యం, తీన్‌మార్ దరువు ఈ చరిత్రకు నేటికీ నిలిచిన ఆనవాళ్లు.

పేర్లు, నిర్వచనం

మధ్యయుగాల పారశీక, దక్కనీ రచనల్లో ఈ జనానికి ఎక్కువగా కనిపించే పేరు 'హబ్షీ'. అబిసీనియాను, అంటే నేటి ఇథియోపియా ప్రాంతాన్ని, అరబ్బులు 'హబష్' అనేవారు. కాలక్రమంలో ఆ దేశంతో సంబంధం లేని ఇతర ఆఫ్రికావారికి కూడా అదే పేరు వర్తించింది. 'సిద్దీ' అనేది మొదట సేనానుల పేర్లకు ముందు వచ్చే గౌరవ పదం. సిద్దీ జౌహర్, సిద్దీ మసూద్ వంటి పేర్లలో అది కనిపిస్తుంది. తరువాత అదే సమాజం పేరుగా స్థిరపడింది.

'సిద్దీ' అనే పేరు ఒకే తెగను గాని, ఒకే మతాన్ని గాని, ఒకే భాషను గాని సూచించదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రేవుల మీదుగా వచ్చిన జనసమూహాలన్నిటికీ అది ఉమ్మడి పేరు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో సిద్దీల చరిత్ర ప్రధానంగా సైనిక వృత్తితో ముడిపడి ఉంది. కర్ణాటకలో వ్యవసాయం, అడవి వారికి ఆధారాలయ్యాయి. గుజరాత్‌లో సూఫీ దర్గాల చుట్టూ వారి సమాజం నిలిచింది.

మూలాలు, రాకపోకల మార్గాలు

తూర్పు ఆఫ్రికాకు, భారత పశ్చిమ తీరానికి మధ్య నౌకాయానం రుతుపవనాల మీద ఆధారపడి సాగేది. నైరుతి గాలులు ఓడలను ఆఫ్రికా, అరేబియా తీరాల నుంచి భారత్ వైపు నడిపేవి. ఈశాన్య గాలులు తిరుగు ప్రయాణానికి తోడ్పడేవి. ఎర్రసముద్రం మీద మసావా, ఏడెన్ సింధుశాఖ మీద జైలా, దక్షిణాన మొంబాసా, జాంజిబార్, కిల్వా ముఖ్యమైన రేవులు. ఇటువైపు ఖంభాత్, సూరత్, చౌల్, దాభోల్, గోవా ప్రధాన రేవులు.

ఈ మార్గాల్లో వర్తకులు, నావికులు స్వేచ్ఛగా వచ్చారు. యుద్ధాల్లో పట్టుబడి, దాడుల్లో అపహరణకు గురై బానిసలుగా అమ్ముడైనవారు మాత్రం తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా ఈ తీరానికి చేరారు. ఇథియోపియా సంపన్నులు భారతదేశపు నూలు బట్టలను కోరేవారు. వాటికి బదులుగా ఇచ్చినవాటిలో బంగారం, ఏనుగు దంతాలతో పాటు బానిసలు కూడా ఉన్నారు. 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసువారు మొజాంబిక్ తీరం నుంచి గోవాకు బానిసలను తెచ్చారు. అందువల్ల తొలి శతాబ్దాల్లో వచ్చినవారిలో ఇథియోపియా మూలాలవారు ఎక్కువగాను, తరువాతి కాలంలో వచ్చినవారిలో బంటూ భాషలు మాట్లాడే తూర్పు, ఆగ్నేయ ఆఫ్రికా ప్రజలు ఎక్కువగాను కనిపిస్తారు.

ఉత్తర భారతంలో 13వ శతాబ్దం నాటికే హబ్షీల ప్రస్తావన ఉంది. ఢిల్లీని 1236 నుంచి 1240 వరకు ఏలిన రజియా సుల్తానా కొలువులో జమాలుద్దీన్ యాకూత్ అనే హబ్షీ ఉన్నత పదవి పొందాడు. బెంగాల్‌లో 15వ శతాబ్దం చివర కొన్నేళ్లపాటు హబ్షీ సుల్తానులే సింహాసనం అధిష్ఠించారు.

దక్కన్ సుల్తానుల కొలువుల్లో

*చూడండి: బహమనీ రాజ్యం, మాలిక్ అంబర్*

1347లో ఏర్పడిన బహమనీ రాజ్యానికి ఉత్తర భారతం నుంచి సైనికులు రావడం కష్టమైంది. సుల్తానులు ఇరాన్, మధ్య ఆసియా, ఆఫ్రికాల నుంచి మనుషులను రప్పించుకున్నారు. స్థానికంగా బంధువర్గం లేని బానిస సైనికుడు యజమానికే విధేయుడై ఉంటాడన్న నమ్మకం ఈ పద్ధతికి మూలం. యజమాని చనిపోయాక ఇలాంటి సైనికులు సాధారణంగా స్వతంత్రులయ్యేవారు. సొంత దళాలను కూడగట్టుకుని, జాగీర్లు పొంది, ప్రభువర్గంలో చేరేవారు. తమ కింద బానిసలను పెట్టుకున్నవారు కూడా వీరిలో ఉన్నారు.

బహమనీ కొలువు రెండు వర్గాలుగా చీలింది. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి కొత్తగా వచ్చినవారిని ఆఫాకీలు అనేవారు. ముందే స్థిరపడినవారు దక్కనీలు. హబ్షీలు తరచు దక్కనీల పక్షం వహించారు. బహమనీ రాజ్యం చీలి ఏర్పడిన బీజాపూర్, అహ్మద్‌నగర్ రాజ్యాల్లోనూ ఈ పొత్తు కొనసాగింది. బీజాపూర్‌లో రెండవ ఇబ్రహీం ఆదిల్ షా బాలుడిగా ఉన్న రోజుల్లో దిలావర్ ఖాన్ అనే హబ్షీ 1582 నుంచి 1590 వరకు రాజప్రతినిధిగా అధికారం చలాయించాడు.

ఈ వర్గంలో అత్యంత ప్రసిద్ధుడు మాలిక్ అంబర్. ఇథియోపియాలో సుమారు 1548లో పుట్టి, బానిసగా చేతులు మారుతూ బాగ్దాద్ మీదుగా దక్కన్ చేరాడు. అహ్మద్‌నగర్ మంత్రి చంగీజ్ ఖాన్ అతణ్ణి కొన్నాడు. ఆ మంత్రి కూడా హబ్షీయే. 1600లో అహ్మద్‌నగర్ కోట మొగలుల వశమయ్యాక, మాలిక్ అంబర్ అక్కడి నిజాంషాహీ వంశపు యువరాజును సింహాసనం మీద నిలిపి, పావు శతాబ్దంపాటు మొగలులను ఎదుర్కొన్నాడు. 1610లో ఖడ్కీ నగరాన్ని నిర్మించాడు. తరువాత ఔరంగాబాద్ అన్న పేరు పొందిన నగరం అదే. అక్కడి భూగర్భ నీటి కాలువలు, భూమి సారాన్ని బట్టి శిస్తు విధించిన పద్ధతి అతని పాలనకు గుర్తులు. మరాఠా ఆశ్వికులతో అతడు నడిపిన మెరుపుదాడుల పద్ధతి తరువాతి తరాల మరాఠా యుద్ధతంత్రానికి తోవ చూపింది. 1626లో మరణించాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

రాయలసీమ కోటల్లో సిద్దీలు

*చూడండి: ఆదిల్‌షాహీ వంశం, కందనవోలు, ఆదోని కోట*

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక, తుంగభద్రకు దక్షిణాన ఉన్న కోటలు ఒక్కొక్కటిగా బీజాపూర్ సుల్తానుల వశమయ్యాయి. ఆ కోటలకు అధికారులుగా వచ్చినవారిలో హబ్షీలు గణనీయంగా ఉన్నారు. నేటి నంద్యాల, కర్నూలు జిల్లాల్లోని మూడు కేంద్రాల్లో వారి పాలనకు ఆధారాలు ఉన్నాయి.

*బనగానపల్లె.* యాగంటి ఉమామహేశ్వర క్షేత్రం ఉన్న ప్రాంతానికి పాలనా కేంద్రం బనగానపల్లె కోట. 17వ శతాబ్దం ఆరంభంలో బీజాపూర్ సేనలు ఈ కోటను గెలిచాక, కోటను, చుట్టుపక్కల సీమను సేనాని సిద్దీ సుంబుల్ చేతిలో పెట్టారని బనగానపల్లె సంస్థాన చరిత్ర చెబుతుంది. 1665 వరకు అది అతని అధీనంలో ఉంది. ఆ తర్వాత ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు జాగీరుగా దక్కింది. అనంతర కాలంలో నవాబుల సంస్థానంగా మారి, 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పటి నుంచి బనగానపల్లె, యాగంటి ఆ జిల్లాలో ఉన్నాయి.

*కర్నూలు.* అరవీటి వంశానికి చెందిన గోపాలరాజు నుంచి కర్నూలు కోటను గెలిచినవాడు బీజాపూర్ సేనాని అబ్దుల్ వహాబ్ ఖాన్. ఇతడు అబిసీనియా మూలాలవాడని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు నమోదు చేశాయి. హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ ఇతని సమాధి. గుమ్మటాలు, కమాను వరండాలతో బీజాపూర్ శైలిలో కట్టిన ఈ కట్టడం కర్నూలు నగరంలోని పాత కట్టడాల్లో ముఖ్యమైనది.

అబ్దుల్ వహాబ్ కింద బానిసగా ఉండి, అతని తదనంతరం కర్నూలును స్వాధీనం చేసుకున్నవాడు సిద్దీ జౌహర్. బీజాపూర్ ప్రభుత్వాన్ని లెక్కచేయకుండా కొంతకాలం కోటను ఏలాడు. శివాజీని అణచగల సేనాని కోసం చూస్తున్న రెండవ అలీ ఆదిల్ షా, జౌహర్‌తో రాజీపడి 'సలాబత్ ఖాన్' బిరుదు ఇచ్చి 1660లో పన్హాళా కోట మీదికి పంపాడు. ఆ ఏడాది మార్చి నుంచి జౌహర్ కోటను దిగ్బంధించాడు. వానాకాలంలోనూ ముట్టడి సడలలేదు. రాజాపూర్ వర్తక స్థావరం నుంచి ఆంగ్లేయులు అతనికి ఫిరంగి సాయం చేశారు. జూలై 13 రాత్రి శివాజీ కోట నుంచి తప్పించుకుని విశాలగఢ్ చేరాడు. తరుముతున్న బీజాపూర్ సేనను ఘోడ్‌ఖింద్ కనుమ దగ్గర బాజీ ప్రభు దేశ్‌పాండే ప్రాణాలొడ్డి ఆపిన ఘట్టం మరాఠా చరిత్రలో సుప్రసిద్ధం. ఆ సేనను నడిపినవాడు జౌహర్ అల్లుడు సిద్దీ మసూద్. శివాజీ తప్పించుకున్నాక సుల్తాన్ అనుమానం జౌహర్ మీదికి మళ్లింది. ఆ వైరం ముగియకముందే అతడు మరణించాడు.

*ఆదోని.* మామ తర్వాత ఈ ప్రాంతంలో బలవంతుడైన సిద్దీ మసూద్ ఖాన్ ఆదోని కేంద్రంగా అధికారం స్థిరపరచుకున్నాడు. 1678లో బీజాపూర్ రాజ్యానికే ప్రతినిధిగా బాధ్యత వహించాడు. అప్పటికి రాజ్యం ఖజానా ఖాళీ అయి, సైనికులకు జీతాలు అందక, ఆఫ్ఘన్, దక్కనీ వర్గాల కలహాలతో కుంగిపోతోంది. కొన్నేళ్ల తర్వాత మసూద్ ఆ పదవి వదిలి ఆదోనికి తిరిగి వచ్చాడు. ఆదోనిలోని జామా మసీదు అతడు కట్టించినది. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక కూడా ఆదోని లొంగలేదు. 1688లో ఫిరోజ్ జంగ్ నాయకత్వంలో మొగలులు కోటను ముట్టడించారు. తనకు ప్రియమైన మసీదు మీదికి ఫిరంగులు గురిపెట్టడంతో, దాన్ని కాపాడుకోవడానికి మసూద్ కోటను అప్పగించాడన్న కథనం ఆదోని ప్రాంతంలో నిలిచి ఉంది. మొగలులు ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు.

కర్నూలు తరువాత ఆఫ్ఘన్ నవాబుల వశమైంది. దానితో రాయలసీమలో సిద్దీల రాజకీయ అధికారం ముగిసింది. వారి అనుచరుల సంతతి స్థానిక ముస్లిం సమాజంలో కలిసిపోయింది. ఈ జిల్లాల్లో నేడు సిద్దీలు ప్రత్యేక సమాజంగా లేరు. సమాధులు, మసీదులు, కోట చరిత్రలే ఆ కాలానికి సాక్ష్యాలు.

హైదరాబాద్ రాజ్యంలో

హైదరాబాద్‌లో హబ్షీల ఉనికికి స్థలనామాలు కొన్ని ఆధారాలు ఇస్తున్నాయి. పాతనగరం అంచున ఉన్న సిద్దిఅంబర్ బజార్ ఒక ఉదాహరణ. హబ్సిగూడ పేరును కూడా హబ్షీలతో ముడిపెట్టే వివరణ ప్రచారంలో ఉంది.

19వ శతాబ్దంలో నిజాం సైన్యంలో అరబ్బు దళాలకు ప్రాముఖ్యం ఉండేది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ సైనికులను హైదరాబాద్‌లో చావూష్‌లు అంటారు. అరబ్బు జమేదార్ల పరివారంలో ఆఫ్రికా బానిసలు, సేవకులు, సైనికులు కూడా ఉండేవారు. హద్రమౌత్‌కు, జాంజిబార్ తీరానికి మధ్య తరతరాలుగా రాకపోకలు ఉండడం దీనికి కారణం. ఈ సాన్నిహిత్యం వల్ల హైదరాబాద్ సిద్దీల సంస్కృతిలో ఆఫ్రికా, హద్రమౌత్ అంశాలు విడదీయలేనంతగా కలిశాయి. చావూష్‌లు స్థిరపడిన బార్కస్ పేటతో సిద్దీలకు వివాహ సంబంధాలు కూడా ఏర్పడ్డాయి.

వనపర్తి దళం నుంచి ఏసీ గార్డ్స్ వరకు

*చూడండి: వనపర్తి సంస్థానం, హైదరాబాద్ రాజ్య సైన్యం*

నిజాం రాజ్యంలోని సంస్థానాలకు సొంత సైన్యం ఉండేది. వాటిలో వనపర్తి రాజు మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సైనికులతో ప్రత్యేక అంగరక్షక దళాన్ని, బల్లెం పట్టిన ఆశ్విక దళాన్ని నడిపాడు. 1866లో ఆయన మరణించాక ఈ దళాలు నిజాం ప్రభుత్వం కిందికి వచ్చాయి. వాటి నుంచి రూపొందినదే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఈ పేరులోని మొదటి రెండు పదాల పొడి అక్షరాలే 'ఏసీ'.

దళానికి మాసాబ్ ట్యాంక్ సమీపంలో నివాసాలు, గుర్రపు శాలలు ఉండేవి. ఆ వాడే నేటి ఏసీ గార్డ్స్. నిజాం ఊరేగింపుల్లో గుర్రాలపై ముందు నడవడం, దర్బారు వేడుకల్లో నిలబడడం, ప్రాసాదాలకు కాపలా కాయడం వీరి ప్రధాన విధులు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలాల్లో ఈ దళం రాజలాంఛనంలో భాగమైంది. సైనికులకు జీతంతో పాటు నివాసం దక్కేది. తండ్రి తర్వాత కొడుకు కొలువులో చేరడం ఆనవాయితీ. ఈ వంశపారంపర్య ఏర్పాటు వల్లనే సిద్దీలు ఒకే పేటలో, ఒకే వృత్తిలో, పరస్పర బంధుత్వాలతో సమాజంగా నిలదొక్కుకున్నారు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. రాజ్య సైన్యాన్ని దశలవారీగా రద్దు చేసినప్పుడు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ కూడా రద్దయింది. సైనిక వృత్తి తప్ప మరో జీవనాధారం, సాగుభూమి లేని కుటుంబాలకు ఇది పెద్ద దెబ్బ. తరువాతి తరాలవారు రిక్షా, ఆటో నడపడం, కాపలా పని, చిన్న ప్రభుత్వ కొలువులు, మెకానిక్ పనులు, వాద్య బృందాల వంటి వృత్తులకు మళ్లారు. గల్ఫ్ దేశాలకు వెళ్లి సంపాదించినవారు కూడా ఉన్నారు. పేటలో స్థలం విలువ పెరిగి, కుటుంబాలు పెరిగి, కొందరు నగరంలోని ఇతర ప్రాంతాలకు తరలివెళ్లారు.

సమాజం, భాష, మతం

హైదరాబాద్ సిద్దీల ఇంటి భాష దక్కనీ ఉర్దూ. పనుల్లో, ఇరుగుపొరుగుతో తెలుగు కూడా వాడతారు. ఆఫ్రికా భాషలు మాట్లాడే వాడుక పోయింది. పాటల్లోను, కేకల్లోను స్వాహిలీ, అరబ్బీ మాటల జాడలు మిగిలాయి.

వీరు సున్నీ ముస్లింలు. రంజాన్, బక్రీద్, మిలాదున్నబీ పండుగలు, దర్గాల ఉర్సులు సామాజిక జీవితంలో ముఖ్యమైనవి. పెళ్లి ఆచారాలు చాలావరకు హైదరాబాద్ ముస్లింల ఆచారాలను పోలి ఉంటాయి. పెళ్లి ఊరేగింపులో మర్ఫా వాయించి, ఆడడం వీటిలో ప్రత్యేకమైనది. మొదట్లో సిద్దీలలోనే, లేదా చావూష్‌లతో వివాహాలు ఎక్కువగా జరిగేవి. తరువాత ఇతర ముస్లిం కుటుంబాలతో సంబంధాలు పెరిగాయి. అందువల్ల ముఖకవళికలను బట్టి సిద్దీ వంశీకుణ్ణి గుర్తించడం అన్నివేళలా సాధ్యం కాదు. వంశస్మృతి, పేట, బంధుత్వం ఈ గుర్తింపునకు ఆధారాలు.

వంటల్లో హైదరాబాద్ రుచులే ప్రధానం. చావూష్‌ల సహవాసంతో వచ్చిన హరీస్, మందీ వంటి అరబ్బు వంటకాలు కూడా ఈ ఇళ్లలో వాడుకలో ఉన్నాయి.

మర్ఫా

*చూడండి: తీన్‌మార్, డప్పు*

మర్ఫా అనేది చర్మవాద్యాలతో సాగే సామూహిక సంగీత నృత్య రూపం. హైదరాబాద్‌లో సిద్దీలు, చావూష్‌లు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. తూర్పు ఆఫ్రికా లయలు, హద్రమౌత్ అరబ్బుల వాద్య సంప్రదాయం ఇందులో కలిశాయి.

*వాద్యాలు.* మర్ఫా అనే చిన్న డోలు, చట్రానికి చర్మం బిగించిన డఫ్, ఢోల్ ముఖ్యమైనవి. లోహపు బిందెను కర్రలతో వాయించి పైస్వరం పలికిస్తారు. వాయించే ముందు చర్మాన్ని మంట సెగకు కాచి శ్రుతి చేస్తారు. ఒక వాద్యం నిలకడగా మూల దరువు పట్టుకుంటుంది. మిగతావి దాని మీద అల్లికగా సాగుతాయి. ఇలా వేర్వేరు లయలు ఒకేసారి నడవడం ఆఫ్రికా వాద్య సంగీతపు ప్రధాన లక్షణం.

*నృత్యం.* మగవారు వలయంగా గాని, ఎదురెదురు వరుసల్లో గాని నిలబడి ఆడతారు. కర్రలు, కత్తులు, బాకులు తిప్పుతూ చేసే విన్యాసాల్లో సైనిక జీవితపు ఛాయలు ఉన్నాయి. నాయకుడు ఒక చరణం ఎత్తుకుంటే బృందం అందుకుంటుంది.

*వ్యాప్తి.* నిజాం కాలంలో రాజవంశపు వేడుకల్లో, పుట్టినరోజు ఉత్సవాల్లో మర్ఫా వినిపించేది. తరువాత అది నగరంలోని పెళ్లిళ్లకు, సభలకు, ఎన్నికల ఊరేగింపులకు, క్రీడా విజయోత్సవాలకు పాకింది. ముస్లింల వేడుకలకే పరిమితం కాలేదు. గణేశ నిమజ్జనం, బోనాల ఊరేగింపుల్లోనూ దీని దరువులు వినిపిస్తాయి. తెలంగాణ అంతటా తీన్‌మార్ అని పిలిచే మూడు దెబ్బల దరువు మర్ఫా సంప్రదాయంతో సన్నిహితంగా ముడిపడినది.

*ప్రస్తుత స్థితి.* రికార్డు చేసిన సంగీతం, పెద్ద సౌండ్ బాక్సులు వచ్చాక మర్ఫా బృందాలకు పిలుపులు తగ్గాయి. ప్లాస్టిక్ తొడుగుల డోళ్లు చర్మవాద్యాల స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. మరోవైపు ఇతర సమాజాల యువకులు కూడా మర్ఫా బృందాలు ఏర్పరచుకోవడంతో కళ విస్తరించింది. పాత పాటలు, వాటిలోని ఆఫ్రికా మాటలు తెలిసినవారు తగ్గిపోవడం ఈ సంప్రదాయం ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య.

భారతదేశంలోని ఇతర సిద్దీ సమాజాలు

*గుజరాత్.* గిర్ అడవుల సమీపంలోని జంబూర్ వంటి గ్రామాలు సిద్దీల ముఖ్య నివాసాలు. అకీకు రాళ్ల వర్తకంతో ముడిపడిన రతన్‌పూర్‌లోని బావా గోర్ దర్గా వీరికి పవిత్ర స్థలం. ధమాల్ లేదా గోమా అనే నృత్యం, మలుంగా అనే విల్లు వాద్యం వీరి ప్రత్యేకతలు. అహ్మదాబాద్‌లో 1573 నాటి సిదీ సయ్యద్ మసీదు రాతి జాలీ కిటికీలకు పేరుపొందింది. సామాజిక సేవకు గాను హీరాబాయి లోబీ 2023లో పద్మశ్రీ పొందారు.

*కర్ణాటక.* ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ తాలూకాల్లో సిద్దీలు ఎక్కువ. గోవా నుంచి తప్పించుకుని పశ్చిమ కనుమల అడవుల్లో తలదాచుకున్నవారి సంతతి వీరిలో ఉంది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు మూడు మతాలవారూ ఉన్నారు. దమ్మామ్ అనే డోలు, దాని చుట్టూ సాగే ఆట వీరందరికీ ఉమ్మడి. 2020లో శాంతారామ్ సిద్దీ కర్ణాటక శాసన మండలికి నామినేట్ అయ్యారు.

*మహారాష్ట్ర.* జంజీరా జలదుర్గాన్ని ఏలిన సిద్దీ నవాబుల సంస్థానం 1948 వరకు కొనసాగింది. మరాఠాలు పదేపదే ప్రయత్నించినా ఆ కోట వారికి చిక్కలేదు.

చట్టపరమైన హోదా, క్రీడా పథకం

గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లోనూ, గోవాలోనూ సిద్దీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు 2003లో ఈ గుర్తింపు వచ్చింది. తరువాత మరికొన్ని జిల్లాలకు విస్తరించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాల్లో వీరు లేరు. జాబితాలు రాష్ట్రాలవారీగా, కొన్నిచోట్ల జిల్లాలవారీగా ఉండడం వల్ల ఒకే మూలాలున్న జనానికి వేర్వేరు హోదాలు ఏర్పడ్డాయి. అడవి అంచు గ్రామాల్లో ప్రత్యేక సమాజాలుగా ఉన్న గుజరాత్, కర్ణాటక సిద్దీల జీవన పరిస్థితులకు, నగర సైనిక సమాజంగా ఎదిగిన హైదరాబాద్ సిద్దీల పరిస్థితులకు ఉన్న తేడా కూడా ఇందులో ప్రతిఫలిస్తుంది.

క్రీడల రంగంలో భారత క్రీడా ప్రాధికార సంస్థ 1987లో ప్రత్యేక పథకం కింద గుజరాత్, కర్ణాటక సిద్దీ యువతను ఎంపిక చేసి పరుగు పందేలు తదితర అంశాల్లో శిక్షణ ఇచ్చింది. ఆ పథకం కొన్నేళ్లకే నిలిచిపోయింది.

జన్యు పరిశోధన

హబ్సిగూడలోని సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం శాస్త్రవేత్తలు ఇతర పరిశోధకులతో కలిసి సిద్దీల జన్యువులపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. గుజరాత్, కర్ణాటక సిద్దీలలో ఆఫ్రికా, భారత మూలాలు కలిసి ఉన్నాయని, ఐరోపా, అంటే పోర్చుగీసు, మూలాల ఛాయలు కూడా ఉండే అవకాశం ఉందని అది తేల్చింది. తండ్రి వైపు, తల్లి వైపు వారసత్వ గుర్తులు ఉపసహారా ఆఫ్రికాలోని బంటూ భాషీయులతో సంబంధాన్ని చూపాయి. స్థానిక జనంతో కలయిక సుమారు 200 ఏళ్ల కిందట, అంటే దాదాపు ఎనిమిది తరాల కిందట, జరిగిందని అంచనా వేశారు. అబిసీనియా మూలాల దక్కన్ సేనానుల కాలం నుంచి కాక, తరువాతి శతాబ్దాల వలసల నుంచే నేటి సిద్దీ సమాజాలు ఎక్కువగా ఏర్పడ్డాయన్న అవగాహనకు ఈ ఫలితాలు అనుగుణంగా ఉన్నాయి.

గల్లా ప్రజలతో పోలిక

*చూడండి: అట్లాంటిక్ బానిస వ్యాపారం*

ఆఫ్రికా బయట స్థిరపడిన ఆఫ్రికా సంతతి సమాజాల అధ్యయనంలో సిద్దీలను పోల్చదగిన ఒక సమాజం అమెరికాలోని గల్లా ప్రజలు. వీరిని గీచీలు అని కూడా అంటారు. దక్షిణ కరోలినా, జార్జియా తీర మైదానాలు, సముద్ర ద్వీపాలు వీరి నివాసం. వరి సాగులో నైపుణ్యం ఉన్న పశ్చిమ ఆఫ్రికా ప్రజలను, ముఖ్యంగా నేటి సియెర్రా లియోన్ పరిసరాలవారిని, 18వ శతాబ్దంలో అక్కడి వరి తోటలకు బానిసలుగా తరలించారు. మలేరియా భయంతో తోటల యజమానులు ఏడాదిలో కొంతకాలం ద్వీపాలకు దూరంగా ఉండడం, ద్వీపాలకు ప్రధాన భూభాగంతో వంతెనలు చాలాకాలం లేకపోవడం వల్ల ఆఫ్రికా భాషా సంస్కృతుల అంశాలు అక్కడ బలంగా నిలిచాయి. ఆంగ్లం, ఆఫ్రికా భాషల కలయికతో గల్లా భాష ఏర్పడింది. అందులోని ఆఫ్రికా పదాలపై భాషావేత్త లోరెంజో డౌ టర్నర్ పరిశోధన 1949లో పుస్తకంగా వచ్చింది. 2006లో అమెరికా ప్రభుత్వం ఉత్తర కరోలినా నుంచి ఫ్లోరిడా వరకు ఉన్న తీరాన్ని గల్లా గీచీ సాంస్కృతిక వారసత్వ ప్రాంతంగా గుర్తించింది.

రెండు సమాజాల మూలంలోనూ బలవంతపు వలస ఉంది. భేదాలు మూడు. మొదటిది వృత్తి: గల్లా పూర్వీకులు తోటల్లో సాగు చేశారు, దక్కన్ సిద్దీలు ఆయుధం పట్టారు. రెండోది పరిసరం: ద్వీపాల ఏకాంతం గల్లాలకు సొంత భాషను ఇచ్చింది, హైదరాబాద్ నగర జీవితం సిద్దీలను దక్కనీ భాషలోకి తెచ్చింది. మూడోది హోదా: అమెరికాలో బానిసత్వం చర్మపు రంగు ఆధారంగా తరతరాలకు సంక్రమించింది, దక్కన్‌లో బానిస సైనికుడు తన జీవితకాలంలోనే కోటకు అధిపతి కాగలిగాడు. అయితే ఆ అవకాశం దక్కినవారు కొద్దిమందే. ఇళ్లలో సేవ చేసిన ఆడవారి, సామాన్య సేవకుల జీవితాల గురించి చరిత్ర రచనలు చాలా తక్కువ చెబుతాయి. లయ, సామూహిక గానం, వలయ నృత్యం రెండు చోట్లా నిలిచాయి. భాష మారినచోట కూడా సంగీతం నిలవడం ఈ పోలికలో ముఖ్యాంశం.

ప్రాముఖ్యం

తెలుగు ప్రాంత చరిత్రకు సిద్దీల చరిత్ర మూడు విధాల తోడ్పడుతుంది. మొదటిది రాజకీయం. విజయనగర పతనం తర్వాత రాయలసీమ కోటల పాలన ఎవరి చేతికి వెళ్లింది, స్థానిక అధికారం ఎలా పనిచేసింది అన్న ప్రశ్నలకు సిద్దీ సుంబుల్, అబ్దుల్ వహాబ్, జౌహర్, మసూద్‌ల జీవితాలు నేరుగా సమాధానం ఇస్తాయి. రెండోది సముద్ర సంబంధాలు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్నూలు, ఆదోని సీమలు కూడా హిందూ మహాసముద్రపు వర్తకంలో, బానిస వ్యాపారంలో భాగమయ్యాయని ఈ చరిత్ర చూపుతుంది. మూడోది సంస్కృతి. తీన్‌మార్ దరువు మతాల హద్దులు దాటి తెలంగాణ వేడుకల్లో ఉమ్మడి ఆస్తిగా మారింది.

ఈ వారసత్వ పరిరక్షణలో మూడు పనులు ముఖ్యమైనవి: కర్నూలు గోల్ గుమ్మజ్, ఆదోని జామా మసీదు వంటి కట్టడాల సంరక్షణ; ఏసీ గార్డ్స్ కుటుంబాల మౌఖిక చరిత్రను, ఛాయాచిత్రాలను, కొలువు పత్రాలను సేకరించి భద్రపరచడం; పాత మర్ఫా పాటలను పాడేవారు ఉండగానే సాహిత్యంతో, దరువులతో సహా నమోదు చేయడం. మొదటి దశ సిద్దీలు రాతి కట్టడాలను, రాతప్రతుల్లో పేర్లను మిగిల్చారు. రెండో దశవారి చరిత్ర ఎక్కువగా ఇళ్లలోని జ్ఞాపకాల్లోను, వాద్యాల్లోను ఉంది కాబట్టి దాని నమోదు మరింత అత్యవసరం.